సున్నా రాళ్ళ రన్‌వే

రోజూ తెల్లవారగానే నలభైమందిమి రన్‌వేకి అడ్డంగా వరస కట్టి, తలలు వంచుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాళ్ళం. రాయి, మేకు, తీగముక్క, ఏది కనిపించినా ఏరి నడుముకున్న సంచిలో వేసుకునేవాళ్ళం. యుద్ధవిమానం ఇంజను ముందున్నదాన్నల్లా లోపలికి లాక్కుంటుంది. బఠాణీగింజంత రాయి వెళ్ళినా లోపలి రెక్కలు తునకలైపోతాయి. ఆ వరసకు నేను పెద్దని. నడక అయ్యాక ఏ రాయి ఏ నంబరు కాంక్రీటు పలక మీద దొరికిందో పుస్తకంలో రాసి సంతకం పెట్టడం నా పని. మరమ్మతు ఎక్కడ చెయ్యాలో పైవాళ్ళకు తెలిసేది ఆ పుస్తకం చూసే.

ఆ పుస్తకంలో ఇరవై ఆరు రోజులు వరసగా సున్నా రాశాను. తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ విమానాల మైదానం సంగతి మా నాన్న పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మొదట్లో అంతా గడ్డేనట. తేలిక విమానాలు, గాలి ఎటు నుంచి వీస్తే అటు తిరిగి లేచేవి. యుద్ధం రోజుల్లో బరువు విమానాలొచ్చి బురదలో దిగబడుతుంటే, చిల్లుల ఇనుప రేకులు తెచ్చి ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి పరిచారు. ఆ రేకులు మోసినవాళ్ళలో నాన్న కూడా ఉన్నాడు. తర్వాత ఏ గాలికైనా పనికొచ్చేలా మూడు దారులు ముక్కోణంలో వేశారు. జెట్లు వచ్చాక వాటి పొడవు చాలక, ఒకే ఒక్క దారిని బారుగా కాంక్రీటుతో పోశారు. విమానాలు నిలబడి తిరిగే రెండు చివర్లా మందం ఎక్కువ. ఆగలేక దూసుకొచ్చేదాన్ని పట్టుకోవడానికి చివరన వల. కాంక్రీటు ఎలాగూ పగులుతుంది కనుక, ఎక్కడ పగలాలో ముందే రంపంతో కోసి, ఆ సందుల్లో నల్లటి రబ్బరు నింపుతారు. ఇంత బుర్ర పెట్టి కట్టినదాన్ని తీసుకెళ్ళి మా బావ చేతిలో పెట్టారు.

బావ అంటే మా అక్క భర్త. మైదానానికి చీఫ్ ఇంజనీరు. విమానాలు నేల తాకే చోట పలకలు కిందటేడు తిరగ పోయించింది ఆయనే. ప్రారంభోత్సవం తొందరలో కాంక్రీటు సరిగా గట్టిపడకముందే రంపం పెట్టించాడు. అంచులు చితికిపోయాయి. వాటి మీద పల్చగా సిమెంటు పూయించి, తెల్ల గీతలు గీయించి, మసిపూసి మారేడుకాయ చేశాడు. ఏడాది తిరక్కుండానే అంచులు రాలడం మొదలైంది. రెండు వందల పద్నాలుగో పలక మీదైతే రోజూ గుప్పెడు ముక్కలు. రోజూ రాశాను.

ఒకరోజు బావ తన గదికి పిలిచాడు. గదంతా అత్తరు కొట్టినట్టు ఏదో తీపి వాసన. బూట్లు విప్పేసి, ఒక కాలు కుర్చీ మీద పెట్టుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు. గోటిముక్కలు వచ్చి బల్ల మీదున్న నా పుస్తకం మీదే పడుతున్నాయి. నాలుగు వారాల్లో తనిఖీ ఉందనీ, అప్పటిదాకా రోజూ సున్నా ఉంటే ప్రశంసాపత్రం వస్తుందనీ చెప్పాడు. మరి దొరికే రాళ్ళ మాటేమిటని అడిగాను.

“ఏరేస్తున్నారుగా. ఏరేశాక రన్‌వే మీద ఎన్ని ఉన్నట్టు? సున్నాయేగా. పుస్తకంలో అదే రాయి,” అన్నాడు.

గోరంతను కొండంత చెయ్యొద్దన్నాడు. అక్క మొహం చూసైనా తన పరువు నిలబెట్టమన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా తలాడించి, పుస్తకం మీది గోళ్ళు దులుపుకుని వచ్చేశాను.

ఆ మర్నాటి నుంచి సంచులన్నీ క్యాంటీన్ వెనక మురికికాలవలో ఖాళీ చేయించాను. జిడ్డునీళ్ళు, కుళ్ళిన కూరగాయల తొక్కలు, పైన తేలే నురగ. మేము ఎంత శుభ్రంగా ఏరితే ఆ పలక గొడవ అంతగా ఎవరికీ తెలియకుండా పోయింది.

వారానికోసారి పైలట్లు కూడా మాతో కలిసి నడిచేవారు. వాళ్ళలో పొట్టిగా, సన్నగా ఉండే అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవారు. ఇరవై ఆరో రోజున నా పక్కనే నడిచింది. రెండు వందల పద్నాలుగో పలక దగ్గర వంగి, బొటనవేలంత ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది.

“బాబాయ్, ఎల్లుండి కొత్త విమానాన్ని ఇక్కడ మొదట దించేది నేనే. ఇది మర్చిపోకుండా రాయి,” అంది.

అలాగేనమ్మా అన్నాను. వెళ్ళి సున్నా రాశాను. ఆ ముక్కను కాలవలో పడేస్తే బుడుంగుమంది. మధ్యాహ్నం అన్నం కలపకుండానే కంచం పక్కకు నెట్టాను. లేచి నేరుగా బావ దగ్గరికి వెళ్ళి ఆ పలకలు మూసెయ్యమన్నాను. తనిఖీ కానీ, ఆ తర్వాత చూద్దాం అన్నాడు, ఫైల్లోంచి తలెత్తకుండానే.

అప్పుడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, జల్లెడ పట్టుకుని కాలవలోకి దిగాను. పట్టపగలు, క్యాంటీన్ వాళ్ళంతా ముక్కులు మూసుకుని చూస్తుండగా, సాయంత్రం దాకా బురద జల్లించాను. బకెట్టు నిండింది. ఎంత రుద్దుకున్నా ఆ కంపు ఒంటిని వదల్లేదు.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటల మనిషి. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుని నా పుస్తకం తిరగేస్తోంది. బావ మొహం వెలిగిపోతోంది. నేను లోపలికెళ్ళి బకెట్టు ఆ గుడ్డ మీద బోర్లించాను.

“మురికికాలవ రాళ్ళు మేడమ్ ఇవి. మా బావమరిదికి మతి చెడింది,” అన్నాడు బావ.

ఆవిడ ఒక ముక్క తీసి చేతిరుమాలుతో తుడిచింది. ఒక పక్క నున్నగా కోసినట్టుంది. కోసిన చోట నల్లటి రబ్బరు అంటుకుని ఉంది. పైన తెల్లరంగు.

“కాలవలో రాయిని రంపంతో ఎవరు కోశారు?” అని అడిగింది.

బావ మొహం తెల్లబోయింది. ఆవిడ పుస్తకం నా వైపు తిప్పింది. “మరి ఈ సున్నాలు ఎవరు రాశారు?”

ఆ మాటతో బావ మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. ఆ పుస్తకంలో ఆయన సంతకం ఎక్కడా లేదు. హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

“నేనే. ఇరవై ఆరూ నేనే,” అన్నాను.

మధ్యాహ్నానికల్లా రన్‌వే మూసేశారు. కొత్త విమానాన్ని వేరే మైదానానికి పంపారు. సాయంత్రానికి నా గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. పలకలు మళ్ళీ పోయించే పని బావకే అప్పజెప్పారు. అక్క ఫోను ఎత్తలేదు.

సామాను సంచి భుజాన వేసుకుని గేటు దాటుతుంటే పిచ్చుక ఎదురొచ్చింది. జరిగిందంతా విన్నట్టుంది. కృతజ్ఞతలు చెబుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా, సిగ్గులేనివాణ్ణి.

“నేను నీ చేతిలో పెట్టిన ముక్క కూడా సున్నాలోకే పోయిందా బాబాయ్?” అని అడిగింది.

అవునన్నాను. నన్ను తప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.