తెలుగు మాట్లాడే పెట్టె

లోడు మీద నిలబడి చివరి తాడు బిగించాక, శ్రీరంగ కిందికి వంగి గడ నిలబెట్టమన్నాడు. కింద ఉన్న జెన్సి, లారీ పక్కన కట్టి ఉన్న వెదురు గడను విప్పి చక్రం పక్కన నిటారుగా పట్టుకొంది. లోడు నెత్తి ఎంతవరకు వచ్చిందో చూసుకొని, గడకు కట్టిన ఎర్ర గుడ్డపీలికను అతను కొంచెం పైకి జరిపి ముడి వేశాడు. అంతటితో తమిళనాడులోని సత్రపట్టిలో వాళ్ళ పని అయిపోయింది.

బ్యాండేజీ గుడ్డ తేలికైన సరుకు. ఎంత ఎక్కించినా బరువు చాలదు. అందుకని ఇక్కడివాళ్ళు బేళ్ళను పైపైకి పేరుస్తారు. ఇవాళ్టి ఎత్తు రేపు ఉండదు. దారిలో ఏ వంతెన దగ్గరైనా అనుమానం వస్తే, శ్రీరంగ బండి ఆపి, దిగి, గడను వంతెన కింద నిలబెట్టి చూస్తాడు. పీలిక తగలకుండా దాటితే లోడు దాటుతుంది. ఇన్నేళ్ళలో తన బేలు ఒక్కటి కూడా వంతెనకు రాసుకోలేదన్న సంగతి ఎవరైనా అడిగితే చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు.

అతను పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. ఏళ్ళ తరబడి కిటికీ అంచున ఆనించి ఉంచినందువల్ల కుడిచెయ్యి ఎడమచేతి కంటే నల్లబడింది. మీసం ఇంకా ఒత్తుగానే ఉంది. ఎడమకంటి మీద మాత్రం పాలమీగడ లాంటి పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకొన్నా చూపు తేరుకోలేదు, ఇక పెద్ద బండి తోలకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే ఈ రోజు స్టీరింగు జెన్సిది. అతను క్లీనర్ సీటులో కూర్చుని పోతాడు.

తాళ్ళు కట్టడం పూర్తయ్యేసరికి అర్చన స్కూటర్ మీద వచ్చింది. తండ్రి తరవాత లారీ ఆఫీసు ఆమే చూసుకొంటోంది. చిన్నప్పుడు ఇదే లారీ బానెట్ మీద కూర్చుని మొక్కజొన్న కండె తిన్న పిల్ల. స్కూటర్ ముందు సంచిలోనుంచి రెండు అట్టపెట్టెలు తీసింది.

"రెండూ వేల్‌మురుగన్ అంగట్లోనుంచి తెచ్చినాను, అణ్ణా. దోవ చెప్పే జీపీఎస్ పెట్టెలు. ఇయ్యాళ రెండూ పెట్టి చూడండి. ఏది వద్దంటారో అది తిరిగి ఇచ్చేస్తాము."

"ఫోను చాలదా, పాపా?"

"ఘాట్‌లో సిగ్నల్ ఉండదు. మధ్యలో ఎవురైనా ఫోను చేస్తే దోవ పోతాది. వీటికి మ్యాపు లోపలే ఉండాది." ఆమె జెన్సికి వినబడకుండా గొంతు తగ్గించింది. "ఇంకొకటి. జెన్సి సంగతి కూడా మీరే చెప్పాల. సేత్తూరు చేరినాక నాకు ఫోను చెయ్యండి. ఒంటిగా పోతాది అంటే కొల్లం లైను ఆ అమ్మాయికే. లేదంటే బండిని ఏజెన్సీకి ఇచ్చేస్తాను. వాళ్ళ డ్రైవర్లు తోలుకొంటారు."

"సరి" అన్నాడు శ్రీరంగ. ఆ ఒక్క మాట మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉందని అతనికి తెలుసు. జెన్సి తండ్రి జిన్నింగ్ మిల్లులో మూటలు మోస్తాడు. ఆ పిల్ల షేర్ ఆటో తోలుతూ హెవీ లైసెన్సు తీసుకొంది. తీసుకొచ్చి చూపిస్తే, ఊళ్ళో ఒక్క లారీ ఆఫీసు కూడా కూర్చోమనలేదు. శ్రీరంగే అర్చనతో మాట్లాడి తన బండిలోకి ఎక్కించుకొన్నాడు.

తోలడంలో ఆమెకు వంక పెట్టలేడు. అతని దిగులంతా దారి గురించే. ఇన్నేళ్ళూ అతనికి దారి చెప్పింది టీ అంగళ్ళు. బండి ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి, తమిళమో మలయాళమో వచ్చినంత హిందీయో కలిపి అడిగేవాడు. ఎవరో ఒకరు చెయ్యి చాపి చూపించేవారు. అదే పని జెన్సి చేస్తే ఏమవుతుందో రెండేళ్ళుగా పక్కనుండి చూశాడు. అయిదుగురు చుట్టూ మూగుతారు. దారి ఒక్కరూ చెప్పరు, ఊరు పేరు, పెళ్ళి సంగతి మాత్రం అందరూ అడుగుతారు. ఆమె ఎక్కడా ఆగి అడగనక్కరలేని పెట్టె కావాలి. అది ఎంచే పని అతనిది.

జెన్సి రెండింటినీ అద్దం దగ్గర అతికించింది. ఒకటి వెడల్పాటి తెర, రంగుల బొమ్మ, చూడగానే ముచ్చటగా ఉంది. రెండోది పొట్టిగా, లావుగా, రబ్బరు అంచుతో, కిందపడినా పగిలేట్టు లేదు. పొట్టిది ముందుగా బండి ఎత్తు, వెడల్పు, బరువు అడిగింది. జెన్సి గడను నేల మీద పడుకోబెట్టి, టేపుతో పీలిక వరకు కొలిచి, ఆ అంకె కొట్టింది. శ్రీరంగకు అది నచ్చలేదు. ఇంటికి వచ్చిన చుట్టం గుమ్మంలోనే ఆరాలు తీసినట్టు అనిపించింది.

"దీనికి అరవం ఉండాది, ఇంగ్లీషు ఉండాది" అంది జెన్సి. తరవాత పెద్ద తెరను వేలితో జరుపుతూ ఆగింది. "అణ్ణాచ్చీ, దీంట్లో తెలుగు ఉండాది."

"మన తెలుగా?"

ఆమె నొక్కింది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి లాంటి గొంతు పలికింది. "ప్రయాణం ప్రారంభించండి. నేరుగా వెళ్ళండి."

శ్రీరంగ ఇంకోసారి పెట్టమన్నాడు. ఆ మాట అతని ఇంటి మాట లాగా లేదు. అతనూ, భార్య అళగమ్మాళూ ఇంట్లో మాట్లాడుకొనే తెలుగుకు ఇంత ఇస్త్రీ ఉండదు. ఆ తెలుగును అతను రాయలేడు, చదవలేడు, చదువంతా అరవంలోనే. అయినా ఒక రోడ్డు తనతో తెలుగులో మాట్లాడడం, అదీ అండీ అని మర్యాదగా మాట్లాడడం, అతను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

పడుచుతనంలో మిల్లుకు పత్తి ఎక్కించుకు రావడానికి గుంటూరు వెళ్ళాడు. తన భాష వాళ్ళ దేశానికి పోతున్నానని దారి పొడుగునా ఉబ్బిపోయాడు. అక్కడ టీ అంగట్లో తెలుగులో దోవ అడిగితే, ఆ మనిషి గ్లాసు కడుగుతూ ఆగి, నవ్వి, "అరవాయనా, నీకు తెలుగు ఎవరు నేర్పారు?" అన్నాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. వాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, టీకి డబ్బులు కూడా పుచ్చుకోలేదు. కానీ ఆ తరవాత గుంటూరు ఎన్నిసార్లు పోయినా శ్రీరంగ అరవంలోనే దారి అడిగాడు.

"ఇదే ఉండనీ" అన్నాడు పెద్ద తెరను చూపించి. "ఆ పొట్టిదాని నోరు ముయ్యి. రెండు గొంతులు ఒకేసారి వినలేను."

జెన్సి పొట్టి పెట్టె మాట ఆపింది గాని తెర ఆపలేదు.

బండి కదిలింది. రాజపాళయం అంచులో దారి రెండుగా చీలేచోట పెద్ద పెట్టె, "ఎడమ వైపు తిరగండి" అంది. పొట్టి పెట్టె తెర మీద గీత మాత్రం ఊరి మధ్యగా పోతోంది.

"ఇది ఊళ్ళోకి పొమ్మంటాది, అణ్ణాచ్చీ."

"ఊళ్ళో ఈ వేళ టౌన్ బస్సులు, మిల్లు షిఫ్టు జనం. ఎందుకు పోయి ఇరుక్కొనేది? ఎడంపక్క దోవ నాకు తెలియనిదా? కొబ్బరితోపు దాటితే రైలు గేటు. గేటు దాటితే సేత్తూరు రోడ్డు. ఆయమ్మ సరిగానే చెప్పింది, తిప్పు."

పెట్టెను ఆయమ్మ అనడం విని జెన్సికి నవ్వు వచ్చింది. పెద్దవాడి మాట కాదనలేక ఎడమకు తిప్పింది. రోడ్డు సన్నం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోపు కంచె. శ్రీరంగ హాయిగా ఆనుకొని కూర్చున్నాడు. పెట్టె "నేరుగా వెళ్ళండి" అన్నప్పుడల్లా "సరి తల్లీ, పోతా ఉండాము కదా" అని బదులిస్తున్నాడు. తన తెలుగు విని అది నవ్వలేదు.

మలుపు ముందు జెన్సి వేగం తగ్గించింది. మలుపు తిరగగానే బండిని నిలిపేసింది.

గేటు లేదు. గేటు ఉన్నచోట పట్టాల కింద సిమెంటు దారి తవ్వి ఉంది. దానికి ముందు, ఎత్తు బండ్లను ఆపడానికి రోడ్డుకు అడ్డంగా కట్టిన ఇనుప దూలం పసుపు, నలుపు చారలతో కొత్తగా మెరుస్తోంది. కంటి వైద్యం కోసం అతను ఇంట్లో కూర్చున్న నెలల్లో గేటు పోయి ఈ సొరంగం వచ్చింది.

"నేరుగా వెళ్ళండి" అంది పెద్ద పెట్టె, అదే మర్యాదతో.

జెన్సి హ్యాండ్ బ్రేకు వేసింది. దిగి, గడ విప్పి, దూలం దగ్గరికి నడిచింది. గడను నిటారుగా నిలబెట్టబోతే అది నిలబడలేదు. దూలం అంచు పీలికకు ఎంతో కిందనే అడ్డుకొంది. ముందుకు పోయి ఉంటే పైవరస బేళ్ళు తాళ్ళతో సహా కాలువలో ఉండేవి.

శ్రీరంగ దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతనికి సిగ్గు వేసింది. ఆ పెట్టె చూపించింది కారు పోయే దారి. తాను కూర్చున్నది కారులోనో లారీలోనో దానికి తెలియదు. పొట్టి పెట్టెకు ఈ సొరంగం సంగతి తెలుసో లేదో గాని, తాను లారీలో ఉన్నానని తెలుసు.

"నాదే తప్పు, జెన్సీ. తెలుగు విని సొక్కిపోయినాను."

"మొన్నమొన్నటిదాకా ఆడ గేటు ఉండేది కదా, అణ్ణాచ్చీ. మీరు చెప్పింది ఆ గేటుకి సరే."

"మరి నువ్వేమిటికి స్లో చేసినావు?"

"ఎవురు ఏమి చెప్పినా మలుపుకి ముందు కాలు బ్రేకు మీద ఉండాలని మీరు చెప్పలేదా?"

తిప్పుకోవడానికి చోటు లేదు. చీలిక వరకు వెనక్కే పోవాలి. శ్రీరంగ అలవాటు కొద్దీ బండి వెనక్కి పోయి కేకలు వెయ్యబోయాడు. జెన్సి కిటికీలోంచి, "వెనక వద్దు, అణ్ణాచ్చీ. ఆ కంటితో కాలువ అంచు తెలియదు. ముందర రండి, నేను అద్దాల్లో చూసుకొంటాను" అంది. ఆ మాట నిజమే గనుక అతను ఒప్పుకొని గడ భుజాన వేసుకొని బండి ముందుకు వచ్చాడు.

లారీ మెల్లగా వెనక్కి జరిగింది. అతను దాని వెంట నడిచాడు. కదిలే తన లారీ ముఖం చూడడం అతనికి ఇదే మొదటిసారి. ఎప్పుడూ లోపల ఉన్నవాడికి అది ఎలా కనబడుతుంది? నుదుట పూసిన పసుపు, వేలాడే నిమ్మకాయ, అద్దం వెనక జెన్సి ముఖం. ఆమె ఒకసారి కుడి అద్దం, ఒకసారి ఎడమ అద్దం చూస్తోంది. అతనివైపు చూడడం లేదు. చక్రం ఒక్కసారి కూడా మట్టిలోకి దిగలేదు. మలుపు దగ్గర ఆగుతుందేమో అనుకొన్నాడు, అక్కడా ఆగలేదు. చీలిక వరకు ఒకే ఊపున పోయి, అక్కడ నిలబడి, అతని కోసం ఇంజను ఆడిస్తూ ఉంది.

అతనికి చెప్పలేనంత సంతోషం కలిగింది. పట్టుబడ్డ తప్పు తనదే అయినా దాన్ని పట్టుకొన్నది తాను తయారుచేసిన డ్రైవరు. అలాంటి సంతోషం అతనికి జీవితంలో ఎక్కువసార్లు దొరకలేదు.

ఊరి మధ్యగా, పొట్టి పెట్టె చెప్పినట్టే పోయారు. ఇప్పుడు దాని గొంతు విప్పారు. అది అరవంలో పొడిపొడిగా, అవసరమైనంత మాత్రమే మాట్లాడింది. సేత్తూరు బస్టాపు దాటాక శ్రీరంగ పక్కకు ఆపమని, అర్చనకు ఫోను చేశాడు.

"పాపా, పొట్టి పెట్టెనే కొను. పెద్దది చూసేదానికి బాగుండాది, మన లోడుకి కాదు."

"జెన్సి?"

"ఒంటిగా పోతాది."

"మీరు ఈ ఒక్క ట్రిప్పు కొల్లం దాకా తనతో కూడా పోతారని అనుకొన్నాను, అణ్ణా."

"నేను ఎందుకు? చూసే కండ్లు తనకి ఉండాయి. ఇంట్లో అళగమ్మాళ్ వేడిగా అన్నం పెడతానని ఎన్నేండ్లుగానో చెప్తా ఉండాది. ఇయ్యాళ పోయి తింటాను."

గడను లారీ పక్కన తానే కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూశాడు. క్యాబిన్‌లోనుంచి తన సంచి, తువ్వాలు, టిఫిన్ డబ్బా తీసుకొన్నాడు. జెన్సి పెద్ద పెట్టెను అద్దం మీదనుంచి ఊడదీసి అతని సంచిలో పెట్టింది. ఆమెకు ఏదో చెప్పాలని ఉంది. స్టీరింగు మీద చేతులు అటూ ఇటూ జరిపి, చివరికి, "పొయ్యేసి వస్తాను, అణ్ణాచ్చీ" అని మాత్రం అంది.

"పీలిక ప్రతి లోడుకీ మార్చు. పెట్టెలో అంకె కూడా."

"మారుస్తాను."

శ్రీరంగ తలుపు కింద రేకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. రోడ్డు మీద అతను నేర్చిన మొదటి పని అదే. క్లీనర్‌గా చేరిన రోజు పెద్ద డ్రైవరు చెప్పాడు, రెండు దెబ్బలంటే పోవచ్చునని. లారీ తారు మీదికి ఎక్కి, గేరు మార్చుకొని, తెన్కాశి వైపు పోయింది. లోడు మీది టార్పాలిన్ చెట్ల వెనక కనుమరుగయ్యేవరకు చూసి, కళ్ళు తుడుచుకొని, అవతలి పక్కకు దాటి టౌన్ బస్సు ఎక్కాడు. అతనికి దుఃఖం వచ్చింది, కాని భయం లేదు.

బస్సు కదలగానే ఒళ్ళోని సంచి మాట్లాడింది. "వెనక్కి తిరగండి."

పక్క సీటు ఆడమనిషి ఉలిక్కిపడి చూసింది. దాన్ని ఆపడం ఎలాగో అతనికి తెలియదు. ఆ సంగతులన్నీ జెన్సికి తెలుసు. తువ్వాలు చుట్టి చూశాడు. తువ్వాలులోనుంచి కూడా అది ఓపికగా, కోపం లేకుండా, బస్సు ఆగిన ప్రతిచోటా వెనక్కి తిరగమంటూనే ఉంది.

"అయిపోయింది తల్లీ. నేను ఇంటికి పోతా ఉండాను" అన్నాడు మెల్లగా, తన తెలుగులోనే.

వేల్‌మురుగన్ అంగట్లో హారన్లు, అద్దాలు, సీటు కవర్ల మధ్య దాన్ని బల్ల మీద పెట్టాడు. ఎందుకు నచ్చలేదని వేల్‌మురుగన్ అడిగాడు. నచ్చకేమి, బాగా మాట్లాడుతుంది, కారు ఉన్నవాళ్ళకు ఇమ్మని చెప్పి, శ్రీరంగ చెప్పులు వేసుకొని ఇంటివైపు నడిచాడు. వేల్‌మురుగన్ ఇంకో బేరంలో పడి దాన్ని ఆపడం మరిచిపోయాడు. బల్ల మీద ఆ పెద్ద తెరలో కొల్లం వరకు గీసిన నీలి దారి అలాగే వెలుగుతూ ఉంది.