వేడెక్కితే ఆగే జీపు

నాలుగేళ్ళుగా మాటల్లేని ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఫోను పట్టుకుని నిలబడ్డ మగవాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కే. ఆ ఉదయం దర్జీ అలాగే నిలబడ్డాడు. ఫోనులో ఉన్నది అతని అక్క. ఎదురుగా షెడ్డులో, పీట మీద కూర్చుని ట్రాక్టరు సెల్ఫ్ మోటారు విప్పుతున్నది అతని భార్య.

"అక్క జీపు ఎత్తు మీద ఆగిపోయిందట," అన్నాడు, గోడకు చెబుతున్నట్టు.

భార్య స్క్రూ ఒకటి తీసి డబ్బాలో వేసింది.

"వెనక ఇరవై తేనెటీగల పెట్టెలున్నాయట. తెల్లారేలోపు చేనుకి చేరాల్సినవి. ఎండెక్కిపోయింది. ఎప్పుడూ చూసే మెకానిక్కు ఊళ్ళో లేడట."

"పెట్టెల మూతులు మూసే ఉన్నాయా?"

దర్జీ ఫోనులో అడిగాడు. "జాలీ కొట్టేసి ఉన్నాయట."

ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుని లేచింది. "వస్తున్నానని చెప్పండి."

ఫోనులో అవతలివైపు నుంచి, "సరే," అని చిన్న గొంతు వినిపించింది.

బండ్లకు బ్యాటరీలు, లైట్లు, వైరింగు చూసే పని ఆమెది. తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళయి వచ్చాక భర్త కుట్టుమిషను వరండాలో, తన పనిముట్లు పెరటి షెడ్డులో పెట్టుకుంది. వీధిలో అందరికీ ఆమె కరెంటమ్మ. ఆమె ముక్కుసూటి మనిషి. తీగలో తేడా ఉంటే ఎంత తొందరగా పట్టేస్తుందో, నోట్లో మాట ఉంటే అంత తొందరగా అనేస్తుంది.

నాలుగేళ్ళ క్రితం అలాగే అనేసింది. అత్తగారు పోయిన రోజది. ఎండాకాలం. తేనెటీగలు పెంచే వదిన, అంటే దర్జీ అక్క, పూలున్న చోటికల్లా పెట్టెలు మోసుకు తిరిగేది. అప్పుడు కొండ అవతల ఉంది. పొద్దున పదింటికి ఫోను చేశారు. రెండు గంటల దారి. అత్తగారు మధ్యాహ్నం మూడింటికి కన్నుమూసింది. వదిన వచ్చేసరికి అయిదు దాటింది. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే కరెంటమ్మ, "కన్నతల్లికంటే ఈగలే ఎక్కువయ్యాయా వదినా?" అంది, అందరూ వింటుండగా.

వదిన వెళ్ళి తల్లి మంచం పక్కన కూర్చుంది. పనులన్నీ అయ్యాక వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. కరెంటమ్మ తీసుకోవాలని అనుకోనూ లేదు. ఆ మాటలో తప్పేముందని తనకు తాను చెప్పుకుంటూ నాలుగేళ్ళు గడిపేసింది.

ఆ ఉదయం కరెంటమ్మ స్కూటరు ఎత్తెక్కేసరికి తొమ్మిదిన్నర అయింది. రోడ్డు పక్కన జీపు, దాని వెనక చిన్న ట్రాలీ. ట్రాలీ మీద పెట్టెలు, పెట్టెల మీద తడి గోనెలు. లోపల ఈగలు కోపంగా హోరెత్తుతున్నాయి. వదిన డబ్బాలోంచి దోసిట్లోకి నీళ్ళు వంపుకుని గోనెల మీద చల్లుతోంది. జుట్టు సగం నెరిసింది. పెదవులు ఎండి తెల్లగా పగిలాయి.

"మీరు తాగారా?" అంది కరెంటమ్మ. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"వాటికి చాలాలిగా."

కరెంటమ్మ తన సీసా తీసి ఆమె చేతిలో పెట్టి, బోనెట్ ఎత్తింది. వేడి మొహాన కొట్టింది. పెట్రోలు వస్తోంది. బ్యాటరీ బాగుంది. ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, సంచిలోని పాత ప్లగ్గు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించింది.

"తాళం తిప్పండి వదినా."

ఇంజను గిరగిరా తిరిగింది. ప్లగ్గు మూతి దగ్గర నిప్పురవ్వ లేదు.

"ఇప్పటిదాకా ఏమేం మార్పించారు?"

"పెట్రోలు పంపు మార్చారు. కార్బురేటరు మార్చారు. ప్లగ్గులు మూడుసార్లు. ఒకాయన ఏకంగా ట్యాంకు కడిగాడు. వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేసరికి చల్లారిపోయి చక్కగా నడుస్తుంది. 'మీకు నడపడం రాదమ్మా' అంటారు."

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది." కరెంటమ్మ లోపలికి వంగి చూసింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు పక్కన, బొటనవేలంత నల్లటి డబ్బీ బిగించి ఉంది. దానికి జానెడు దూరంలోనే పొగగొట్టం. "ఇదిగో, దీన్ని మాడ్యూల్ అంటారు. రవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేది ఇదే. దీనికి వేడి పడదు. తీసుకొచ్చి పొయ్యి పక్కన వెన్నముద్ద పెట్టినట్టు పెట్టారు. కొత్తలో తట్టుకుంది, ఇప్పుడు పాతబడిపోయింది. కొన్ని నీళ్ళివ్వండి."

వదిన డబ్బా వైపు చూసింది. అడుగున రెండు గ్లాసులుంటాయేమో. పెట్టెల వైపు చూసింది. తర్వాత డబ్బా అందించింది.

కరెంటమ్మ గుడ్డ తడిపి నల్లటి డబ్బీకి అద్ది పట్టుకుంది. గుడ్డ వెచ్చబడగానే మళ్ళీ తడిపింది. అయిదు నిమిషాలు ఊరికే అలా నిలబడాలి. ఊరికే నిలబడటం ఆమెకు చేతకాదు, అందుకని అడిగింది.

"ఇలా ఆగడం ఎప్పుడు మొదలైంది?"

"చాలా రోజులైంది."

"చాలా అంటే?"

"నాలుగేళ్ళు."

"ఏ కాలంలో? ఎండాకాలమేనా? మొదటిసారి ఎక్కడ ఆగింది?"

డాక్టరు రోగిని అడిగినట్టు అడుగుతోంది. వదిన గోనె అంచు సర్దుతూ, ఇటు చూడకుండా చెప్పింది.

"ఆ రోజే. అమ్మ పోయిన రోజు. కింద ఆ మలుపు ఉందే, అక్కడ."

కరెంటమ్మ చేతిలో గుడ్డ వెచ్చబడింది. తడపడం మరిచిపోయింది.

"ఫోను రాగానే బయల్దేరాను," అంది వదిన. "పెట్టెలు ఎక్కడివక్కడే వదిలేశాను. ఎప్పుడూ లేనిది, గట్టిగా తొక్కుకుంటూ వచ్చాను. మలుపులో ఆగిపోయింది. గంటన్నర. మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. మూడుసార్లు. ఎవరైనా వస్తే ఎక్కిపోదామని చూశాను. ఒక్క బండీ రాలేదు. నడుద్దామని కొంత దూరం నడిచి, జీపే నయమని మళ్ళీ వెనక్కి పరిగెత్తాను."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"ఏమని చెప్పను? ఆలస్యంగా వచ్చినవాళ్ళందరూ చెప్పే మాటేగా, బండి ఆగిపోయిందని. ఎవరైనా చెబితే నేనే నమ్మను."

కరెంటమ్మకు చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. జీవితంలో మొదటిసారి అన్నిటినీ వెనక్కి మింగింది. గుడ్డ తడిపి మళ్ళీ అద్దింది.

"తిప్పండి," అంది కాసేపటికి.

ప్లగ్గు మూతి దగ్గర నీలంగా రవ్వ చిటుక్కుమంది.

తడిగుడ్డను డబ్బీ మీదే వదిలి జీపును నడిపించారు. కరెంటమ్మ స్కూటరు మీద వెనకే వెళ్ళి, రెండుసార్లు ఆపించి గుడ్డ తడిపింది. పొద్దుతిరుగుడు చేను చేరేసరికి పదకొండు. ఇద్దరూ కలిసి పెట్టెలు నీడకు దింపి జాలీలు తీశారు. రెండు పెట్టెల్లో సగం ఈగలు చచ్చిపోయి అడుగున రాలి ఉన్నాయి. వదిన వాటిని చేత్తో ఎత్తి చెట్టు మొదట్లో పోసింది. మిగతా పెట్టెల్లోంచి ఈగలు దారాలు దారాలుగా బయటికొచ్చి పూలవైపు సాగాయి.

"గురువారం జీపు తీసుకురండి," అంది కరెంటమ్మ. "ఆ ముక్కను అక్కణ్ణుంచి తప్పించేస్తాను."

"ఎక్కడికి? మీ ఇంటికా?"

"మీ ఇల్లే అది," అని కరెంటమ్మ స్కూటరెక్కేసింది.

గురువారం పొద్దున్నే జీపు పెరట్లోకి వచ్చింది. అక్క గుమ్మం దాటి వస్తుంటే దర్జీ ఏం చేయాలో తెలియక, మెడలో టేపుతోనే ఎదురెళ్ళి, కొలతలు తీయబోతున్నవాడిలా చేతులు చాపి నిలబడిపోయాడు. "ఏరా, నాకేమైనా కుడతావా?" అంది అక్క. అతను నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

కరెంటమ్మ అప్పటికే అంతా సిద్ధం చేసుకుంది. పాత యాంప్లిఫయరు నుంచి ఊడదీసిన అల్యూమినియం దిమ్మ ఒకటి, దాని వెనక వేడిని వదిలే రెక్కలు. ముందు మడ్‌గార్డు లోపలి వైపు, బండి కదిలితే గాలి తగిలే చోట, చేయి పెట్టి చూసి గుర్తు పెట్టింది. పొగగొట్టానికి అది మూరన్నర దూరం. రంధ్రాలు వేసి దిమ్మ బిగించి, దాని మీద వేడిని లాగే తెల్లటి పేస్టు రాసి కొత్త మాడ్యూల్ కూర్చోబెట్టింది. ఇంజను తల మీద కాగిపోతున్న, రవ్వకు కరెంటు పెంచే కాయిల్‌ను కూడా ఊడదీసి పక్కకు తెచ్చింది. ఇక డిస్ట్రిబ్యూటరు నుంచి అక్కడిదాకా తీగలు పొడిగించాలి.

వదిన పీట మీద కూర్చుని లైటు పట్టుకుంది. టంకం పొగ ఇద్దరి మధ్యా సన్నగా లేచింది.

"వదినా, మీకొకటి చెప్పాలి," అంది కరెంటమ్మ, చేతిలో పని ఆపకుండా. "ఆ రోజు అత్తయ్యకి చివర్లో చూపు ఆనలేదు. పన్నెండింటి నుంచీ 'వచ్చిందా, వచ్చిందా' అని ఒకటే అడగడం. రెండింటికి ఇక చూడలేక, చెయ్యి పట్టుకుని, 'వచ్చానమ్మా' అన్నాను."

లైటు ఆమె మొహం వైపు తిరిగింది.

"నమ్మింది. నమ్మి, తిట్లు మొదలెట్టింది. 'తలగుడ్డ కట్టుకోకుండా ఎండలో తిరిగావు కదే మొద్దు మొహమా' అని. చెయ్యంతా తడిమి, 'బంక బంకగా ఉంది, తేనె కడుక్కోకుండా వచ్చేశావా' అని. నా చేతికున్నది గ్రీజు. 'కడుక్కుంటానమ్మా' అన్నాను. 'నువ్వు కడుక్కునేదెప్పుడు, నాకు తెలీదా' అంది. అలా అలా తిడుతూనే నిద్రపోయింది. హాయిగా పోయింది వదినా."

వదిన లైటు కింద పెట్టేసింది.

"నాకేమో మీ మీద మండిపోయింది. ఆ చెయ్యి మీది కావాలి. ఆ తిట్లు మీవి. నేను తింటున్నానేంటని. అందుకే గుమ్మంలో అలా నోరు పారేసుకున్నాను. ఏమైందని ఒక్కమాట అడక్కుండా. తప్పయిపోయింది."

వదిన, "మొద్దు మొహమా అందా?" అని అడిగింది.

"రెండుసార్లు."

"మూడోసారి అనలేదా? మూడుసార్లు అంటేగానీ ఆమెకి తృప్తి ఉండదే." నవ్వుతూనే ఏడ్చేసింది. కరెంటమ్మ టంకం కడ్డీ పక్కన పెట్టి, గ్రీజు చేతుల్తోనే ఆమెను దగ్గరికి తీసుకుంది. వదిన తెల్లటి జాకెట్టు వీపు మీద అయిదు నల్లటి వేళ్ళు పడ్డాయి.

తర్వాత కరెంటమ్మ కళ్ళు తుడుచుకుని మిగిలిన తీగలు అతికించింది. బోల్టులు బిగించింది. "తిప్పండి వదినా," అంది ధీమాగా.

జీపు దగ్గింది, తుమ్మింది, సైలెన్సర్‌లోంచి ఢామ్మని పేలింది. వరండాలోంచి దర్జీ కత్తెరతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే?"

"ఏడుస్తూ పని చేస్తే ఇంతే." కరెంటమ్మ నుదురు కొట్టుకుంది. "రెండు తీగలు అటుదిటు అతికించాను. రవ్వ తప్పు సమయంలో పుడుతోంది."

"నా మీద కోపమింకా తీరలేదేమో అనుకున్నాను మరదలా," అంది వదిన.

రెండు తీగలూ విప్పి, సరిచూసి, మార్చి అతికించి, ఒకదానికొకటి మెలివేసి, ప్లగ్గు తీగలకు దూరంగా కట్టేసింది. ఈసారి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. నింపాదిగా ఆడసాగింది.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే పరీక్షించాలని కరెంటమ్మ పట్టుబట్టింది. ట్రాలీలో ఇసుక బస్తాలు వేసుకుని ఎత్తు మీదికి బయల్దేరారు. ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకింది. మలుపు వచ్చింది. వదిన చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

పైన ఆపి, ఇంజను ఆపకుండా బోనెట్ ఎత్తారు. కరెంటమ్మ మాడ్యూల్ మీద చెయ్యి వేసి, వదిన చెయ్యి తీసుకుని పక్కనే పెట్టింది. ఓర్చుకోగల వెచ్చదనం, అంతే.

"అమ్మ ఆ రోజు ఏమైనా తిందా?" అని అడిగింది వదిన.

"పొద్దున కాస్త పాలు తాగింది. చక్కెర తక్కువైందని నన్ను మళ్ళీ లేపింది. పొద్దున తిట్లు మాత్రం నావే."

"చెప్పు. మొదట్నుంచీ అన్నీ చెప్పు."

కరెంటమ్మ చెప్పడం మొదలుపెట్టింది. దిగువకు దారంతా చెబుతూనే ఉంది. మధ్యమధ్య వదిన ఆపి, అప్పుడు ఏ దుప్పటి కప్పారని, కిటికీ తెరిచి ఉందా అని, పక్కింటావిడ వచ్చిందా అని అడుగుతోంది. ఇల్లు చేరాక కూడా జీపు దిగకుండా అందులోనే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. దర్జీ రెండుసార్లు బయటికొచ్చి చూశాడు. తనతో ఎవరికీ పని లేదని అర్థమై, లోపలికెళ్ళి టీకి నీళ్ళు పెట్టాడు.