మువ్వ మోగితే అవుటు

చెట్టుని కౌగిలించుకోవడానికి కూడా పోటీ పెట్టాలని ఎవరికి తోస్తుంది? రక్తపరీక్షల ల్యాబు నడిపే డాక్టరమ్మకి తోచింది. ఏడాది పొడుగునా సూదులూ సీసాలతో గడిపే తన సిబ్బంది ఒక్క ఆదివారమైనా పచ్చటి ప్రాణిని ముట్టుకోవాలని ఆవిడ కోరిక. ల్యాబు వెనక పార్కుకి ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఒక మనిషిని వెంటబెట్టుకు రావాలి. ఇద్దరూ చెట్టుకి చెరో పక్కా నిలబడి, దాన్ని వాటేసుకుని, చేతులు పట్టుకోవాలి. ఆ చేతులకి రిబ్బనుతో మువ్వ కడతారు. మువ్వ మోగితే అవుటు. చివరిదాకా కదలని జంటకి ఒక మొక్క, కుండీతో సహా.

అందరూ నవ్వారు. దోమక్క మాత్రం నవ్వలేదు.

దోమక్క అంటే ఆ ల్యాబులో రక్తం తీసే మనిషి. సూది గుచ్చితే దోమ కుట్టినంత కూడా తెలియదని పిల్లలు పెట్టిన పేరు. ఆ చెయ్యే ఆమె ఉద్యోగం, ఆమె పరువు. అలాంటి చెయ్యి కొన్ని వారాలుగా మాట వినడం లేదు. కుడిచేతి బొటనవేలు ఉన్నట్టుండి వణుకుతుంది, రెండో చేత్తో అదిమిపట్టినా ఆగదు. మొన్న ఒక పెద్దాయనకి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. "నరం సన్నంగా ఉందండీ" అని తప్పు ఆయన మీదకి నెట్టేసింది. ఆయన పాపం నిజంగా తన తప్పేనన్నట్టు తలూపాడు. అది గుర్తొస్తే ఆమెకి ముద్ద దిగడం లేదు. ఫోనులో వెతికితే ఒకదాన్ని మించిన జబ్బు ఇంకొకటి కనిపించింది, గబుక్కున మూసేసింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఆదివారం పొద్దున భర్తకి జ్వరం తగిలింది. ఇంక వెళ్ళక్కర్లేదని దోమక్క ఊపిరి పీల్చుకుంది. జ్వరానికి సంబరపడ్డ భార్య లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది. ఈలోపు అత్తగారు బూట్ల లేసులు బిగించుకుని గుమ్మంలో తయారు.

"నేనున్నాగా. పద."

అత్తగారిని వీధిలో రేడియో అంటారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరింట్లో పాలు విరిగినా మధ్యాహ్నానికల్లా వీధి చివరిదాకా తెలియాల్సిందే. పైగా వయసు మాటెత్తితే మండిపడతారు. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే ఆ కోపంతో దిగేదాకా నిలబడే ఉంటారు. ఆవిడ చేతిలో చెయ్యి పెట్టి నిలబడాలి. వణుకు ఆవిడకి తెలిస్తే వీధికి తెలిసినట్టే, వీధికి తెలిస్తే డాక్టరమ్మకి తెలిసినట్టే. దోమక్కకి ముచ్చెమటలు పోశాయి.

వాళ్ళకి దొరికిన చెట్టు లావుపాటిది. డాక్టరమ్మ స్వయంగా మువ్వ కట్టి, ఈల ఊదింది. బెరడు చెంపకి గరుగ్గా తగిలింది. మాను అడ్డం రావడంతో అత్తగారి ముఖం కనిపించడం లేదు.

"ఏమ్మాయ్, చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?"

"చెమట పట్టింది అత్తయ్యా."

పక్క చెట్టు దగ్గర లెక్కలు రాసే అబ్బాయి చెవిలోకి చీమ దూరింది. వాడి గంతులకి మువ్వ మోగింది. రిసెప్షనులో కూర్చునే అమ్మాయి వాళ్ళాయన్ని చూసి నవ్వాపుకోలేక ఓడిపోయింది. పార్కంతా గోలగోలగా ఉంది. దోమక్క మాత్రం కళ్ళు మూసుకుని బొటనవేలిని బతిమాలుకుంటోంది.

వేలు వినలేదు. ముందు చిన్నగా అదిరింది. వెంటనే అత్తగారి వేళ్ళు దాని మీద బిగుసుకున్నాయి. వేలు ఆ పట్టులోనే కొట్టుకుంది, మువ్వ మోగింది.

డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. "ఎవరిది? మా దోమక్క చెయ్యి వణికిందంటే నేను నమ్మను" అంటూ వంగి చేతులకేసి చూడబోయింది. 

"దానిది కాదమ్మా, నాది" అన్నారు అత్తగారు, అందరికీ వినిపించేలా. "ముసలిదాన్నయ్యాను కదా. చేతులు నిలవడం లేదు."

ఎవరో జాలిపడ్డారు. ఎవరో కుర్చీ తెమ్మన్నారు. డాక్టరమ్మ రిబ్బను విప్పి, ఇంకో చెట్టు వైపు వెళ్ళింది. అత్తగారు చెయ్యి వదల్లేదు.

"ఎన్నాళ్ళనించి?" మాను అవతలి నుంచి గొంతు మెల్లగా వచ్చింది.

"నెల దాటింది."

"మావాడికి తెలుసా?"

"ఎవరికీ తెలీదు అత్తయ్యా."

అత్తగారు ఇంతసేపు నోరు మూసుకుని ఉండటం దోమక్క ఎప్పుడూ ఎరగదు.

"ఇవాళంటే నాదన్నాను. రేపు నువ్వు సూది పట్టుకుంటే ఏమని చెప్పను?"

దోమక్కకి ఏడుపొచ్చింది. ఎదురుగా ముఖం లేదు కాబట్టి ఆపుకోలేదు. "నేనింక రక్తం తీయలేనేమో అత్తయ్యా."

ఏం కాదులే అంటారనుకుంది. అనలేదు. "తీయలేకపోవచ్చు" అన్నారు అత్తగారు. "అదేంటో ముందు తేల్చుకోవాలిగా. రేపు ఆసుపత్రికి నేనూ వస్తాను."

పట్టు అలాగే ఉంది. దోమక్క తల తిప్పింది. డాక్టరమ్మ కొంచెం దూరంలో గెలిచినవాళ్ళకి మొక్క అందిస్తోంది.

"మేడం, ఒకసారి ఇలా వస్తారా?"

డాక్టరమ్మ వచ్చింది. ఇంకా చెట్టుని పట్టుకునే ఉన్న ఇద్దరినీ చూసి, పోటీ అయిపోయిందని చెప్పబోయింది.

"ఆ చెయ్యి అత్తయ్యది కాదు మేడం. నాదే" అంది దోమక్క.