తలుపు వెనక స్కోరు

ఆ బిల్డింగు పిల్లలంతా ఆమెని జడ్జిగారు అంటారు. పదిహేనేళ్ళ పిల్లకి అంత పెద్ద ఉద్యోగం ఎలా వచ్చిందంటే, టేబుల్ టెన్నిస్ వల్ల వచ్చింది. కింది అంతస్తులో, బళ్ళు పెట్టుకునే చోటు పక్కన పొడుగాటి హాలు ఒకటుంది. ఒక కాలి కింద అట్టముక్కలు దోపి నిలబెట్టిన టేబులు, నడుం జారిన నెట్టు, ఒక స్టాండుకి తగిలించిన అంకెల అట్టలు. ఆ స్టాండు పక్కన ఆమె చక్రాల కుర్చీ. బంతి ఎక్కడ పడిందో చూడాలి, పాయింటు ఎవరిదో చెప్పాలి, అట్ట తిప్పాలి. రెండేళ్ళుగా ఆ పని ఆమెది.

పుట్టేటప్పుడు మెదడుకి కాసేపు ఊపిరి అందలేదు. దానికి డాక్టర్లు సెరిబ్రల్ పాల్సీ అని పేరు పెట్టారు, పై అంతస్తు ఆంటీలు 'పాపం' అని పేరు పెట్టారు. కుడిచెయ్యి ఎప్పుడూ గుండెల దగ్గరే ముడుచుకుని ఉంటుంది. ఎడమచెయ్యి మాత్రం కాస్త బతిమాలితే మాట వింటుంది. నోటి మాట బయటికి రావడానికి దాని టైము అది తీసుకుంటుంది. కళ్ళు మాత్రం గద్దకళ్ళు. బంతి టేబులు అంచుని వెంట్రుకవాసి తాకి పోయినా ఆ కళ్ళకి దొరికిపోతుంది. అందుకే ఆ పని తనకిచ్చారని ఆమె నమ్మకం. స్కూల్లో ఆటల పీరియడంటే ఆమెని లైబ్రరీలో కూర్చోబెడతారు. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే అమ్మని కూడా కలిపి పిలుస్తారు. ఆమె మాట చెల్లే చోటు ఈ భూమ్మీద ఆ హాలు ఒక్కటే.

మర్నాడు పక్క బిల్డింగు వాళ్ళతో పోటీ ఉందనగా, శనివారం పొద్దున అమ్మ ఆమెని లిఫ్టులో కిందికి దింపి వెళ్ళింది. అట్టల మీద దుమ్ము తుడుచుకుందామని ఆమె ఆలోచన. ట్యూబులైటు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి నిచ్చెన వేసుకునేందుకు చోటు చాల్లేదు. ఎప్పుడూ గోడకి ఆనించి తెరిచే ఉండే తలుపుని లాగి మూశాడు.

"ఎవరమ్మా, తలుపుని పలక చేసి పారేశారు?" అన్నాడు.

తలుపు వెనక అంతా సుద్దగీతలు. తేదీలు వేసి, పక్కన ఆడినవాళ్ళ ముద్దుపేర్లు రాసి, ఐదేసి గీతల కట్టలు. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నిన్నటి తేదీ కింద బొద్దుకి పదకొండు, కెప్టెన్‌కి తొమ్మిది ఉన్నాయి. నిన్న ఆమె అట్టల మీద గెలిచింది కెప్టెన్. మొన్నటిది చూసింది, అదీ తేడాయే. ఆమె చెప్పిన స్కోర్లన్నీ ఆమెకి గుర్తే, వేరే ఏం పనుంది గనక. ఆమె 'పోయింది' అన్న బంతుల్లో సగం తలుపు మీద పాయింట్లుగా బతికే ఉన్నాయి. ఆట మధ్యలో ఎవడో ఒకడు మంచినీళ్ళని చెప్పి మాటిమాటికీ ఆ మూలకి ఎందుకు పోతాడో అప్పుడు అర్థమైంది.

చిన్నపిల్లల ఆటల్లో మరీ బుడ్డోడెవడైనా వచ్చి ఏడిస్తే వాణ్ణి అరటిపండుగా పెట్టుకుంటారు. వాడు పరిగెడతాడు, అరుస్తాడు, గెలిచానని గంతులేస్తాడు. వాడు ఔటైనా ఔటు కాదు, వాడి లెక్క లెక్క కాదు. ఆ సంగతి తెలియనిది వాడొక్కడికే. బుడ్డోళ్ళయితే ఏడాదికో రెండేళ్ళకో పెద్దవాళ్ళై ఆటలోకి వస్తారు. ఈమె పదిహేనేళ్ళ అరటిపండు.

ఏడుపు రాలేదు. 'సరే జడ్జిగారూ', 'మీరెలా అంటే అలాగే జడ్జిగారూ' అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఎంగిలి నీళ్ళు తాగినట్టు నోరంతా రోతగా అయిపోయింది.

అయినా గీతల్ని నమ్మి మనుషుల్ని అనుమానించకూడదు కదా. సాయంత్రం పరీక్ష పెట్టింది. బొద్దు కొట్టిన బంతి టేబులు మీదకి రానే లేదు, తిన్నగా పోయి గోడకి తగిలింది. గుడ్డివాడికైనా చప్పుడు వినబడుతుంది.

"పాయింటు... బొద్దుది," అంది ఆమె.

అవతల బ్యాటు పట్టుకున్న కెప్టెన్, అంటే ఆమె పెదనాన్న కొడుకు, తలుపు వైపు ఓసారి చూశాడు. "కరెక్టే జడ్జిగారూ," అన్నాడు. మిగతావాళ్ళు గంగిరెద్దుల్లా తలలూపారు.

"గోడకి... తగిలింది... కదా?"

"తగిలిందనుకోండి. మీరు చెప్పాక ఇంకేముంది," అన్నాడు బొద్దు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. వాడు చెడ్డవాడైతే ఎంత బాగుండేది. చెడ్డవాణ్ణి తిట్టొచ్చు. ఈ మంచివాళ్ళని ఏం చెయ్యాలి?

అందర్నీ పంపించేసి అన్నయ్యని ఆపింది. "తలుపు వెనక... ఏంటన్నయ్యా?"

వాడి మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "పిన్నే చెప్పింది," అన్నాడు చివరికి. "దాని మాట కాదనకండి నాన్నా, దానికున్నది అదొక్కటే అని. నీ మీద ప్రేమతోనే కదా చెల్లీ."

"తుడువు. రేపు... ఒకటే... స్కోరు."

వాడు పరిగెత్తుకెళ్ళి గుడ్డ తడిపి తెచ్చి మొత్తం తుడిచాడు. అడగ్గానే తుడిచాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అదీ ఆమెకి నచ్చలేదు.

ఇంట్లో అమ్మ ఆరిన బట్టలు మడతలు పెడుతోంది. సంగతి విని మడత ఆపలేదు. "నువ్వు ఏడిస్తే చూడలేనే బంగారం," అంది.

"నేను... ఎప్పుడు..."

మాట మధ్యలో ఉండగానే అమ్మ జేబురుమాలు తీసి ఆమె గడ్డం తుడిచింది. పదిహేనేళ్ళుగా ఆ రుమాలు ఎన్ని మాటల్ని సగంలో తుడిచేసిందో దేవుడికే తెలియాలి. ఆమె మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

"నేను ఎప్పుడు... ఏడిచాను?"

అమ్మ మడత పెట్టిన టవలునే మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో బిల్డింగు సంఘం సెక్రటరీగారు, ఆయన పక్కన ఆంటీలు. చివరి ఆట కెప్టెన్‌కి, పక్క బిల్డింగు నుంచి వచ్చిన కత్తిరించిన జుట్టు పిల్లకి. ఆ పిల్లకీ పదిహేనేళ్ళుంటాయి. మోకాలికి పట్టీ, మాటకి ముందు ముక్కు మీద కోపం. స్కోరు తొమ్మిది తొమ్మిది దాకా వచ్చింది. ఆ పిల్ల సర్వీసు చేసి, తిరిగొచ్చిన బంతిని బలం కొద్దీ బాదింది. బంతి టేబులు చివర తగిలీ తగలనట్టు తగిలి అవతలికి పోయింది.

"పాయింటు... కెప్టెన్‌ది," అంది జడ్జిగారు. అట్ట తిప్పింది.

"ఏంటీ? పైఅంచుకి తగిలిందది," అని ఆ పిల్ల బ్యాటు టేబులు మీద పడేసింది. "నీ కళ్ళు బంతి మీదున్నాయా, మీ అన్నయ్య మీదున్నాయా?"

ఆంటీలు నోళ్ళు నొక్కుకున్నారు. జడ్జిగారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. రెండేళ్ళలో ఆమె మాటని మాటలా విని, మాటతో కొట్టిన మొదటి మనిషి. జవాబు చెప్పాలి. ఆ సంబరానికి నోటి కండరాలు మరీ బిగుసుకున్నాయి. "అంచు... కా..."

"అమ్మాయీ," సెక్రటరీగారు లేచి నిలబడ్డాడు. "ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకోనక్కర్లేదా? ఆ పిల్ల పరిస్థితి కనబడట్లేదా నీకు? ముందు సారీ చెప్పు."

ఆ పిల్ల వాళ్ళమ్మ కూడా సిగ్గుతో చితికిపోతూ కూతురి భుజం నొక్కింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. కాసేపు గింజుకుని తల దించుకుంది.

"సారీ. నువ్వు చెప్పిందే కరెక్టు."

అదే మాట. అదే గొంతు కూడా. ఇంత పొగరున్న పిల్లని రెండు నిమిషాల్లో బొద్దుని చేసి కూర్చోబెట్టారు. తడిగుడ్డతో గొంతులు కొయ్యడం ఈ మంచివాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ముందు వరస మొహాల నిండా కారుతున్న ఆ జాలిని ఆమె ఇక చూడదలుచుకోలేదు.

కళ్ళు మూసుకుని ఆ బంతిని మళ్ళీ చూసింది. టేబులు పక్కకి తగిలిన బంతి కిందికి పోవాలి. అది పైకి ఎగిరింది. పైఅంచే, అంటే మంచి బంతే. అన్నయ్య గెలవాలన్న ఆశ గద్దకళ్ళకి అడ్డం పడింది. ఆ పిల్ల తిట్టిన తిట్టు కూడా అక్షరాలా నిజమే.

"నేను... తప్పు చూశాను. పాయింటు... ఆ అమ్మాయిదే."

అట్టలు వెనక్కి తిప్పేసరికి హాలు చప్పట్లతో మోగిపోయింది. ఉన్నట్టుండి చప్పుడైతే ఆమె ఒళ్ళు ఉలిక్కిపడుతుంది, అది ఆమె చేతిలో లేదు. చెయ్యి విసురుగా లేచి స్టాండుకి కొట్టుకుంది. సంతోషం పట్టలేకపోతోందనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

"ఎంత మంచి మనసో చూశారా," అని సెక్రటరీగారు కళ్ళు ఒత్తుకున్నాడు. వెనకనుంచి అమ్మ రుమాలుతో వచ్చింది. ఆమె మొహం పక్కకి తిప్పుకుని "వద్దు" అంది. అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

చప్పట్లు కొట్టనిది ఆ పిల్ల ఒక్కతే. బ్యాటు తీసుకుని స్టాండు దగ్గరికి వచ్చింది.

"అది నా పాయింటే. ఇచ్చినందుకు చప్పట్లెందుకు?" అంది మెల్లగా. "ముందే సరిగ్గా చూడాల్సింది నువ్వు."

"మళ్ళీ... బ్యాటు విసిరితే... పాయింటు... కోస్తా."

"కోస్తే ఊరుకోను."

"ఊరుకోకు."

ఆ పిల్ల మూతి ముడుచుకుని వెనక్కి వెళ్ళి బంతి అరచేతిలో పెట్టుకుంది. జడ్జిగారు స్కోరు మొదలుపెట్టింది. "పది..." అన్నాక రెండో అంకె చాలాసేపు గొంతులోనే ఉంది. ముందు వరసలో ఎవరో దాన్ని అందించబోతే ఆ పిల్ల గుడ్లురిమి చూసింది. "...తొమ్మిది," అని పూర్తయ్యాకే సర్వీసు చేసింది.

నాలుగు దెబ్బలు అటూ ఇటూ నడిచాక కెప్టెన్ కొట్టిన బంతి నెట్టుకి తగిలి వాడి వైపే పడింది. జడ్జిగారు పదకొండో అట్ట తిప్పింది. వాడు అలవాటు కొద్దీ తలుపు వైపు చూశాడు. తలుపు వెనక ఏమీ లేదు.