ఫోన్లో మిగిలిన గొంతు

సిద్దిపేట బస్టాండు బయట షేర్ ఆటోలు ఆగేచోట పర్శరాములు గొంతు తెలియనివాళ్లు లేరు. "కొండపాక, కొండపాక!" అని కేకేస్తే లోపల బస్సుకోసం కూర్చున్నవాళ్లు కూడా లేచొచ్చి అతని ఆటో ఎక్కేవాళ్లు. ఆ గొంతులోనే కేన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు చెప్పాక, డిగ్రీ చదువుతున్న కూతురు వందన ఆపరేషన్‌కు ముందే తండ్రి రోజూ మాట్లాడే మాటలన్నీ ఫోన్‌లోని ఒక యాప్‌లో రికార్డు చేసింది. తెరమీద బొమ్మ నొక్కితే ఆ మాట అతని గొంతుతోనే వినిపిస్తుంది.

కోలుకున్నాక మెడకు తువాలు చుట్టుకుని పర్శరాములు మళ్లీ ఆటో తీశాడు. హ్యాండిల్ పక్కన బిగించిన ఫోనే ప్రయాణికుల్ని పిలిచేది. ఇంట్లో "అమృతా, జర చాయ్ పెట్టు" అని అడిగేదీ అదే. భార్య అమృతమ్మ మొదట్లో ఫోన్‌వైపు తిరిగి బదులిచ్చేది. పోనుపోను అతని ముఖం చూసే మాట్లాడటం అలవాటైంది.

ఒక పొద్దున ఫోను తనంతట తానే అప్‌డేట్ అయింది. అప్పటినుంచి యాప్ తెరవగానే మూసుకుపోతోంది.

బస్టాండు దగ్గర పర్శరాములు చేతులూపాడు. ఎవరూ చూడలేదు. పక్క ఆటో నడిపే దుర్గయ్యకు సంగతి అర్థమైంది.

"నువ్ కూసో అన్నా, నీ ఆటోకు నేను పిలుస్త" అని, అది నిండేదాకా అరిచాడు. పర్శరాములు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. అయినా ఆ ఒక్క ట్రిప్పుతోనే ఇంటికి వచ్చేశాడు.

"ఏమైంది, గింత జల్దొచ్చినవ్?" అంది అమృతమ్మ. అతను ఫోను చేతికిచ్చాడు. ఆమె చాయ్ బొమ్మ కోసం వెతికింది, యాప్ మళ్లీ మళ్లీ తెరిచింది.

"మల్ల పోయిందా నీ గొంతు?" అనేసి, ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకుంది. అతను మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం వందన తండ్రిని మొబైల్ రిపేర్ చేసే శైలేందర్ దుకాణానికి తీసుకెళ్లింది.

"అప్‌డేట్‌లనే తప్పున్నది చెల్లె. పొద్దుగాల్నుంచి చానమంది ఇట్లనే వస్తున్రు" అన్నాడు శైలేందర్. "అంతా చెరిపి పాతది ఎక్కిస్తే యాప్ నడుస్తది. గని లోపలున్న రికార్డింగులు ఉండయి. వేరేకాడ దాచినవా?"

వందన తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పర్శరాములు ఫోను గుండెకు అదుముకుని, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత అదే చేత్తో కూతురి తల నిమిరాడు.

"చెరుపను కాకా, భయపడకు" అన్నాడు శైలేందర్. "కంప్యూటర్‌కు పెట్టి, ఫైళ్లన్న బయటికొస్తయేమో చూస్త."

మర్నాడు ఫైళ్లు వచ్చాయి. వాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఏది ఏ మాటో తెలియాలంటే అన్నీ వినాల్సిందే. ఇంట్లో తల్లీ తండ్రీ చెరోపక్కన కూర్చుంటే వందన ఒక్కొక్కటే తన ఫోన్లో వినిపించసాగింది. కొండపాక వచ్చింది. చిల్లర ఇయ్యుండ్రి వచ్చింది. తర్వాత ఒక దగ్గు, ఆ వెంటే పర్శరాములు మాటలు.

"ఆగు బిడ్డా, నవ్వొస్తున్నది. ఇంట్ల కూసోని కొండపాక కొండపాక అని ఒర్లితే మీ అవ్వ నాకు పిచ్చి లేచిందనుకుంటది."

అదే రికార్డింగులో వెనక వంటింట్లోంచి అమృతమ్మ గొంతు: "ఎప్పుడో అనుకున్న!" ఆపైన ఇద్దరి నవ్వూ.

సరిగా రాలేదని వందన అప్పుడు పక్కన పడేసిన రికార్డింగు అది. యాప్ దాన్ని చూపించలేదు కానీ చెరిపేయనూ లేదు. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. తడబడ్డవి, కూతుర్ని విసుక్కున్నవి, మధ్యలో ఎవరో పిలిస్తే "ఆఁ, వస్తున్న" అన్నవి. ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో అతని నవ్వు వినపడటం అదే మొదటిసారి.

అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మల్లొక్కపారి పెట్టు బిడ్డా."

వందన పెట్టింది. ఈసారి పర్శరాములు కూడా నవ్వాడు. శబ్దం రాలేదు గాని మెడమీది తువాలు కదిలింది. అమృతమ్మ అది చూసి అతని భుజానికి తల ఆనించి ఏడ్చింది.

కొన్నాళ్లకు యాప్ తయారుచేసినవాళ్లు దాన్ని బాగుచేశారు. వందన ఫైళ్లన్నీ శైలేందర్ దగ్గర, తన దగ్గర కూడా దాచి, మంచివి మళ్లీ యాప్‌లోకి ఎక్కించబోయింది.

"ఖరాబైనయి తీసెయ్యాల్నా బాపూ?" అని అడిగింది.

పర్శరాములు ఫోన్లో జవాబు వెతుక్కునేలోపే అమృతమ్మ అందుకుంది.

"గవ్వే ముందుగాల ఎక్కియ్యి."