ఎడమచేతి చివరి రెండు వేళ్ళు

బేస్ గిటారు వాయించడం వల్లే మా కోడలి ఎడమచేతి వేళ్ళు రెండు మొద్దుబారాయని మా వీధిలోనూ, ఆమె పనిచేసే యూనిఫారాల కార్ఖానాలోనూ అందరూ నమ్మారు. నమ్మినవారిలో మా అబ్బాయి ఉన్నాడు, పక్క వాటా వారున్నారు, మా ఆవిడ ఉంది. కొంతకాలం మా కోడలు కూడా ఉంది. ఆధారమేమిటని అడిగితే అందరూ ఒకే మాట చెప్పేవారు: "డాక్టరుగారే అన్నారట."

ఆ రోజు డాక్టరు గదిలో నేనూ ఉన్నాను. ఆయన ఆమె మోచేతి లోపలి ఎముక పక్కన వేలితో తట్టారు. చిటికెనవేలూ ఉంగరపు వేలూ జివ్వుమన్నాయా అని అడిగారు. "ఇక్కడ నరం నలుగుతోంది. ఏం చేస్తే నలుగుతోందో కనిపెట్టి అది మానెయ్యండి," అన్నారు. అంతవరకే అన్నారు. గిటారు మాట ఎత్తింది మా కోడలు. ఆయన చీటీ రాస్తూ రాస్తూ తలూపారు. ఆ తలూపు మా ఇంటికి వచ్చేసరికి సలహా అయింది. కార్ఖానాకు చేరేసరికి హెచ్చరిక అయింది. వారం తిరిగేసరికి "మానకపోతే చెయ్యే పడిపోతుందన్నారట" అయి కూర్చుంది.

మా కోడలు ఆ కార్ఖానాలో కటింగ్ విభాగంలో పనిచేస్తుంది. బట్టను నలభై పొరలుగా పరిచి, పైన గీసిన గీత వెంబడి కరెంటు కత్తిని నడిపించడం ఆమె పని. నాలుగేళ్ళ కిందట అక్కడివారు సరదాగా ఒక బ్యాండు పెట్టుకున్నారు. పాడటానికి ఇద్దరు పోటీపడ్డారు, గిటారుకు ముగ్గురు. కాజాల మిషను మీద పనిచేసే అమ్మాయి డ్రమ్ముల ముందు కూర్చుంది. బేస్ గిటారు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. నాలుగే తీగలు, అన్నీ లావు, వాయిస్తే పాట వినేవాడికి పేరు కూడా తెలియదు. "ఎవరూ వద్దన్నది నాకివ్వండి," అని మా కోడలు ముప్ఫై నాలుగో ఏట దాన్ని భుజాన వేసుకుంది.

ఆ రోజు నుంచి ఆమె రోజుకు నలభై నిమిషాలు సాధన చేస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి గనుక ముందుగదిలో కూర్చున్న మాకు వినిపించేది వేళ్ళు తీగలను తాకే టక్ టక్ మాత్రమే. పక్క వాటాయన ఒకసారి అడిగాడు, "మీ అమ్మాయి ఏం వాయిస్తుందండీ, ఏ పాటలోనూ నాకు వినబడదు?" "అది తీసేసి వినండి, అప్పుడు తెలుస్తుంది," అన్నాను. ఆ జవాబు నాది కాదు, ఆమెది. అప్పు తెచ్చుకుని వాడుకున్నాను.

వేళ్ళు మొద్దుబారడం మొదలైంది ఈ ఏడాది. అదే ఏడాది కార్ఖానా వార్షికోత్సవంలో బ్యాండుకు మొదటిసారి అరగంట ఇచ్చారు. అందులో ఒక పాట బేస్‌తోనే మొదలవుతుంది. అర నిమిషం పాటు వేదిక మీద ఆమె ఒక్కతే వాయించాలి. ఎడమచేతి చిటికెనవేలితో గిటారు మెడ మీది దూరపు మెట్టును గట్టిగా అదిమితే తప్ప ఆ స్వరాలు పలకవు. మొద్దుబారిన వేలు సరిగా అదిమిందో లేదో దానికే తెలియదు. తీగ చిరచిరలాడి ఊరుకుంటుంది. వార్షికోత్సవానికి ఇంకా పది వారాలున్నాయి.

"మామయ్యా, తప్పుకుంటానని చెప్పేస్తాను," అంది ఒక సాయంత్రం, గిటారును ఒళ్ళో పెట్టుకుని. "రికార్డు చేసిన బేస్ పెట్టుకుంటారట. దానికి వేళ్ళు నొప్పెట్టవుగా."

"ఏ ఆధారంతో తప్పుకుంటావు?"

"అందరూ అంటున్నారుగా."

"ఆ అందరిలో నీ మోచెయ్యి పట్టి చూసినవాళ్ళెంతమంది?"

"మీతో మాట్లాడితే బోనెక్కినట్టుంటుంది మామయ్యా," అని నవ్వింది. కానీ చెప్పెయ్యడం నాలుగు వారాలు వాయిదా వేసింది. ఆ నవ్వు వెనక ఎంత దిగులుందో నాకు తెలుసు. నాలుగేళ్ళలో ఆమె ఒక్కరోజు సాధన మానింది, అదీ నూటమూడు జ్వరంతో.

ఒక నోటుపుస్తకం తీశాం. రోజూ పడుకునే ముందు మొద్దు ఎంత ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వెయ్యాలి. గిటారు ఎన్ని నిమిషాలో పక్కన రాయాలి. ఇంతవరకు పద్ధతిగానే జరిగింది. ఆ తరవాత నేను తప్పు చేశాను.

ముప్ఫై ఆరేళ్ళు తూనికలు సరిచూసే ప్రయోగశాలలో ఉద్యోగం చేసినవాడికి లోకంలో ఏ సమస్యయినా బరువుగానే కనిపిస్తుంది. గిటారును కాటా మీద పెట్టాను. నాలుగు కిలోల ఆరువందల గ్రాములుంది. దాన్ని మోసే పట్టీ రెండు వేళ్ళ వెడల్పు. అంత బరువు అంత సన్నని పట్టీ మీద వేలాడితే భుజంలో నరం నలక్కుండా ఎలా ఉంటుందని తీర్మానించేశాను. మోచెయ్యి అని డాక్టరు చెప్పిన మాట నా చెవిన పడి కూడా బుర్రకెక్కలేదు.

"తూచావు సరే నాన్నా, ముద్ర కూడా కొట్టెయ్యి," అన్నాడు మా అబ్బాయి.

అరచేయంత వెడల్పున్న మెత్తటి పట్టీ తెప్పించాను. ఆమెకు ఎప్పటినుంచో ఉన్న భుజం నొప్పి వారం లోపల పోయింది. వేళ్ళ అంకె సగటు మాత్రం ఐదు దగ్గర మొదలై ఐదు దగ్గరే ఉంది. రెండు వారాలు చూసి నా సిద్ధాంతాన్ని నేనే కొట్టేశాను. కొట్టివేత కింద తేదీ వేసి సంతకం కూడా పెట్టాను; పాత అలవాటు.

తరవాతి మాట మా కోడలే అంది. "అయితే గిటారు పూర్తిగా మానేసి చూద్దాం. రెండు వారాలు. అనుమానం ఉన్నదాన్ని పక్కన పెట్టి చూడమని మీరే అంటారుగా."

"మిగిలిన రోజులే తక్కువ. సాధన పోతుంది కదమ్మా."

"పోతే పోయింది. తెలియకుండా వాయించడం కంటే తెలిసి మానడం నయం."

తనకు ఇష్టమైనదాన్నే దోషిగా నిలబెట్టి విచారించడానికి ఒప్పుకునేవారు అరుదు. నా ఉద్యోగకాలంలో పెద్ద చదువులు చదివినవారే ఆ పని చెయ్యలేకపోవడం చూశాను. ఆమె గిటారు పెట్టె మూత వేసి అలమరా మీదికెక్కించింది. ఆ రెండు వారాలూ టీ కాగేలోపల పొయ్యి గట్టు మీద, బస్సు కోసం ఆగినప్పుడు చేతిసంచీ మీద కుడిచేతి వేళ్ళు వాయించుకుంటూనే ఉన్నాయి.

ఆ పద్నాలుగు రోజుల్లో గిటారు నిమిషాలు సున్నా. మొద్దు సగటున మొదటి వారం ఆరు, రెండో వారం ఏడు. బడుల యూనిఫారాల పని ముంచుకొచ్చి కార్ఖానాలో రోజుకు రెండు గంటలు అదనంగా పనిచేసిన వారాలవి.

ఆ అంకెలను ఆమె కార్ఖానాలో కటింగ్ మాస్టరుకు చూపించింది. ఆయన ఆ గదికి పెద్ద. ఇరవై ఆరేళ్ళ అనుభవం. గిటారు మానమని మొదట మొత్తుకున్నది ఆయనే. ఆమె మీద నిజమైన అభిమానంతోనే మొత్తుకున్నాడు. అంకెలు చూసి, "మానేశావు కాబట్టి ఏడు. లేకపోతే పదయ్యేది," అన్నాడట. తగ్గితే మానినందువల్ల తగ్గిందనీ, పెరిగితే మానకపోతే ఇంకా పెరిగేదనీ చెప్పే నమ్మకాన్ని ఏ అంకె ఓడించగలదు?

ఆ రాత్రి ఆమె పుస్తకం మొదటినుంచీ తిరగేసింది. కాసేపటికి, "మామయ్యా, ఆదివారాలు చూడండి," అంది.

చూశాను. మొదటి రెండు ఆదివారాలూ బ్యాండు రిహార్సలు ఉంది. ఒక్కొక్కరోజు మూడు గంటలు వాయించింది. మొద్దు మూడు, రెండు. వారమంతటిలో ఎక్కువ వాయించిన రోజే వేళ్ళు తేలిగ్గా ఉన్న రోజు. నెల రోజులు పుస్తకం ముందు పెట్టుకుని నేను చూడనిదాన్ని ఆమె పది నిమిషాల్లో చూసింది.

"ఆదివారం నీకు లేనిదేమిటి?"

"కార్ఖానా," అంది. అని, తన మాటకు తనే ఆశ్చర్యపోయి నా వంక చూసింది.

"పనిలో ఎలా నిలబడతావో చూపించు."

భోజనాల బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు పరిచాం. ఆమె కుడిచేతిలో గరిటె పట్టుకుని, అదే కత్తి అనుకుని, ముందుకు వంగింది. ఎడమ మోచెయ్యి దానంతటదే వెళ్ళి బల్ల అంచు మీద ఆనింది. ఒంటి బరువు సగం దాని మీద వేసింది.

"అదేమిటి?"

"మోచేతి పట్టు. పొరలు కదలకుండా. పనిలో చేరిన మొదటిరోజే మాస్టారు నేర్పుతారు. మా గదికి అదే గొప్ప. బిగింపులున్నాయి, ఎవరూ వాడరు. అవి బిగించి విప్పేలోగా ఒక దొంతర కోసెయ్యొచ్చు." కొంచెం గర్వంగానే చెప్పింది. ఆ పట్టులో ఆమెను మించినవారు లేరట. అక్కడి బల్లలకు అంచున ఇనప పట్టీ ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

మా ఆవిడ అంతవరకూ సూదీదారంతో తన పని తాను చేసుకుంటోంది. ఒళ్ళో ఉన్న కోడలి పని కోటు ఎత్తి చూపించింది. "మీ పుస్తకాలు నాకు తెలియవుగానీ, ఆర్నెల్లలో దీని కోట్లకి ఇది నాలుగో అతుకు. నాలుగూ ఎడమ మోచేతి దగ్గరే. గిటారుకి బట్ట చిరుగుతుందా?"

 మా కోడలు గరిటె పక్కన పెట్టి, కోటు అందుకుని ఆ అతుకులు లెక్కపెట్టింది.

నేను రిటైరయినప్పుడు తోటివారు గడియారం ఇవ్వకుండా, వాడకం నుంచి తప్పించిన ఐదు కిలోల ఇనప తూకపు రాళ్ళ జత ఇచ్చారు. మర్నాడు మా కోడలు ఆ రెంటినీ సంచీలో వేసుకు వెళ్ళి దొంతర మీద చెరోవైపు పెట్టింది. మోచెయ్యి ఎత్తి పనిచేసింది.

"ఏంటమ్మా, కూరగాయల కొట్టు పెడుతున్నావా?" అన్నాడట మాస్టరు.

"పెడితే మీకు కొసరు వేస్తాలెండి మాస్టారూ."

మొదటి వారం పని నెమ్మదించింది. గదిలో అందరికంటే వేగంగా కోసే మనిషి మూడో స్థానానికి దిగింది. ఎగతాళి పట్టించుకోలేదు. సాయంత్రం గిటారు పెట్టె మళ్ళీ తెరిచి, నలభై నిమిషాలను గంట చేసింది. వారం వారం సగటు అంకెలు ఇలా వచ్చాయి: ఆరు, నాలుగు, మూడు, ఒకటి, సున్నా. ఐదో వారానికి వేగంలోనూ తన స్థానం తనకు వచ్చింది. తప్పుకుంటానన్న మాట బ్యాండువారికి చెప్పనే లేదు.

వార్షికోత్సవం ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. మూడో వరుసలో నేనూ, మా ఆవిడా, మా అబ్బాయీ కూర్చున్నాం. వేదిక మీద ఆమె శ్రుతి చూపే ట్యూనరు వంక చూసి పై తీగను వెంట్రుకవాసి బిగించింది. వెడల్పు పట్టీ భుజాన సర్దుకుంది. యాంప్లిఫయరు దగ్గరికి వెళ్ళి మీట ఒకటి తిప్పి వచ్చింది. హడావుడి లేదు. తన పనిముట్టు తెలిసిన మనిషి నడక అది.

తరవాత అర నిమిషం హాలంతటిలో ఆమె ఒక్కతే. మొదటి స్వరం చెవికంటే ముందు కుర్చీ కాళ్ళలోంచి వచ్చింది. రెండోది, మూడోది, చిటికెనవేలు వెళ్ళి ఆ దూరపు మెట్టును అదిమింది. చిరచిర లేదు. నిండుగా, గుండ్రంగా పలికింది. డ్రమ్ములు వచ్చి కలిసేదాకా వాయిస్తున్న ఆమె ముఖంలో కంగారు గానీ, ఎవరైనా చూస్తున్నారన్న స్పృహ గానీ కనబడలేదు.

మా ఆవిడ నా చెవిలో అడిగింది, "ఇదా, ఇన్నాళ్ళూ మన ముందుగదిలో టక్ టక్‌మన్నది?"

అవునన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. అందుకు కారణం మాత్రం విచారించలేదు.

చివరన కటింగ్ మాస్టరు మా దగ్గరికి వచ్చాడు. కుడిచేతిలో టీ కప్పు ఉంది. ఎడమచేతిని తొడకేసి కొట్టుకుని, విదిలించి, మళ్ళీ కొట్టుకుంటున్నాడు.

"మీ కోడలు అదరగొట్టిందండీ. గిటారు పూర్తిగా మానేసుంటే చెయ్యి ఇంకా తొందరగా బాగయ్యేది. చెబితే వినదు."

"మీ చేతికేమయింది?"

"నాకా? ఏమీ లేదు. ఈ చివరి రెండువేళ్ళూ తిమ్మిరి. పదిహేనేళ్ళ నుంచీ ఉన్నదే."

"మీరేం వాయిస్తారు?"

"నేనా, వాయించడమా?" అని నవ్వాడు. "నాకు తాళానికి చప్పట్లు కొట్టడమే రాదు సార్. అడగండి మావాళ్ళని."

ఇదంతా పక్కనే నిలబడి మా కోడలు వింది. సోమవారం నోటుపుస్తకం చేతిలో పట్టుకుని కటింగ్ గదిలో బల్ల బల్లకూ వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగింది. జవాబులు రాసుకుని సాయంత్రం తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ గదిలో పనిచేసేవారు మాస్టరుతో కలిపి మొత్తం ఆరుగురు. వారిలో ఐదుగురికి ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ మొద్దుబారి ఉన్నాయి. లేనిది ఒక్కరికే, గిటారు వాయించే మనిషికి.