చుక్‌హాంగ్ కాచిన సూపు

మా ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. సూపు కాయడం వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. నది మీద తిరిగే లాంచీల ఇంజిన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఇంట్లో గరిటె ముట్టిన పాపాన పోలేదు, కానీ సూపు దగ్గరికొస్తే పెద్ద జడ్జి. అందుకే మా అమ్మాయి లైసాన్ వచ్చి, "నాన్నా, నేను చుక్‌హాంగ్‌ని పెళ్ళి చేసుకుంటా. హోటల్లో వంట చేస్తాడు" అనగానే ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"వంటవాడా? అయితే వాడి సూపు తాగి చెబుతా. బాగుందా, పెళ్ళి. బాగోలేదా, వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తడానికి వీల్లేదు."

పిల్లకి ముప్ఫై దాటాయి. ఇన్నాళ్ళకు ఒకణ్ణి చూసి నవ్వుతోంది. ఆ నవ్వు కాస్తా ఈ ముసలాయన నాలుక మీదికొచ్చి కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది కానీ, ఆయనతో వాదించడం కంటే గోడతో మాట్లాడటం నయం.

చుక్‌హాంగ్ పనిచేసే హోటలు కొత్త టవరులో పై అంతస్తులో ఉంది. లైసాన్ ఆఫీసు నుంచి నేరుగా వస్తానంది. నేనూ, మా ఆయనా, మా అత్తగారూ ముందే వెళ్ళాం. నల్ల గోడలు, నల్ల తలుపులు, గుడ్డి దీపాలు. తలుపేదో తెలీక మా అత్తగారు గోడను తోస్తూ నిలబడిపోయింది.

"ఇంత చీకట్లో పెట్టి ఏం దాస్తున్నార్రా వీళ్ళు?" అంది లోపలికొచ్చాక.

"తిండి అమ్మా. కనబడితే ఎంత తక్కువ పెట్టారో తెలిసిపోదూ?" అన్నాడు మా ఆయన.

తెల్ల చేతి తొడుగులు వేసుకున్న వెయిటరు ఒకాయన వచ్చాడు. యాస వింటేనే తెలుస్తోంది ఉత్తర చైనా మనిషని. గాజు కూజా ఒకటి బల్ల మీద పెట్టాడు. లోపల లేత బంగారు రంగులో పొగలు కక్కుతూ ఏదో ఉంది.

"శరత్కాలపు తొలి వెలుగు. నిదానంగా ఆస్వాదించండి" అని వంగి దణ్ణం పెట్టి, వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు.

"టీకి ఇంత బిల్డప్పా!" అన్నాడు మా ఆయన.

మా గ్వాంగ్‌జౌలో హోటల్లో కూర్చోగానే వేడి టీతో గిన్నెలూ, కప్పులూ, చాప్‌స్టిక్సూ కడుక్కోనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. అవి ముందే తళతళలాడుతున్నా సరే కడుగుతాం. మా అమ్మ కడిగింది, నేనూ కడుగుతాను. కడిగిన టీ పోయడానికి గిన్నె ఏదా అని చూస్తే బల్ల మధ్య వెడల్పాటి పింగాణీ పాత్ర, అందులో ఒక తామర పువ్వు కనబడ్డాయి. పువ్వు తీసి మా అత్తగారి ఒళ్ళో పెట్టి పని మొదలుపెట్టాను. కూజా ఖాళీ అయ్యేదాకా కడిగి పాత్రలో పోశాను.

"ఏమేవ్, ఈ టీ కోడి వాసనొస్తోంది" అంది అత్తగారు.

"పెద్ద హోటలమ్మా. ఇక్కడ టీ కూడా కోడి వాసనే వస్తుంది" అన్నాడు మా ఆయన.

గోడ పక్క వెయిటరు నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. ఇదీ దక్షిణాది ఆచారం కాబోలనుకున్నాడేమో, కిక్కురుమనలేదు.

మా ఆయన కిటికీలోంచి లాంచీలు చూస్తుండగా మా అత్తగారు చటుక్కున కట్టుడు పళ్ళ సెట్టు తీసి ఆ పాత్రలో ముంచి, రెండు మూడుసార్లు జాడించి, మళ్ళీ పెట్టేసుకుంది.

"అత్తయ్యా!" అన్నాను గొంతు తగ్గించి.

"వేడిగా ఉంది కదే. ఊరికే పారబోస్తారా ఎవరైనా?"

ఆ తర్వాత వంటకాలు రావడం మొదలైంది. నల్లరాయి మీద ఒక్క రొయ్య. పళ్ళెం మధ్యలో గోళీకాయంత ముద్ద. మా ఆయన ప్రతి పళ్ళేన్నీ అనుమానంగా చూశాడు, తిన్నాడు, మొహం ఇంకాస్త మాడ్చుకున్నాడు.

"సూపేదీ? అన్నిటికంటే ముందు రావాల్సింది సూపు! నా పరీక్షకి జడిసి ఎగ్గొట్టాడు. పిరికి సన్నాసి. పదండి ఇంటికి!" అని కోటు అందుకున్నాడు.

ఈయన ఇప్పుడు గడప దాటాడా, ఇక ఆ పెళ్ళి ఊసే ఉండదు.

సరిగ్గా అప్పుడే వంటింటి తలుపు తెరుచుకుంది. ముందు మా లైసాన్, వెనకాల తెల్లకోటులో చుక్‌హాంగ్.

"మాక్ అంకుల్, సూపు ఎలా ఉంది?" అని మా ఆయన్ని అడిగాడు.

"ఏ సూపు?"

"అదే... గాజు కూజాలో పంపాను కదండీ. ముసలి కోడి, ఎండబెట్టిన ఆల్చిప్ప మాంసం, పాత నారింజ తొక్క. రెండు రోజులు కాచి, టీ అంత తేటగా వచ్చేదాకా వడగట్టాను."

అంటూనే అతని చూపు ఖాళీ కూజా మీంచి పువ్వు లేని పాత్ర మీదికెళ్ళింది. అతనూ గ్వాంగ్‌జౌలో పుట్టినవాడే. ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. మొహం పాలిపోయింది.

"నాన్నా! సూపుతో గిన్నెలు కడిగారా?" లైసాన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన పుట్టి బుద్ధెరిగాక తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. కూతురి కళ్ళకేసి చూశాడు. కోటు పక్కన పెట్టి కూర్చున్నాడు.

"కడిగామని ఎవరన్నారు? చల్లారుతుందని పెద్ద గిన్నెలో పోశాం" అని ఆ పాత్రను రెండు చేతులా ఎత్తాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమండీ, వద్దు!" అంటూ బల్ల కింద కాలితో ఒక్కటి తన్నాను.

"నువ్వూరుకో. పిల్ల జీవితం" అని గుర్రుగా చూసి గుక్క వేశాడు. ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఎత్తి, అడుగు కనబడేదాకా దించలేదు.

ఆయన మూతి తుడుచుకున్నాడు.

"ఎందుకోగానీ అబ్బాయ్, మా అమ్మ గుర్తొచ్చింది. అచ్చం మా ఇంటి రుచి. ఏం వేశావు?"

"ముసలి కోడి, ఆల్చిప్ప, నారింజ తొక్క..."

"కాదు. ఇంకేదో ఉంది. దాస్తున్నావు."

"ఒట్టు అంకుల్, ఇంకేం లేదు."

"సరే, పెళ్ళయ్యాక చెబుదువుగాని."

లైసాన్ వాళ్ళ నాన్న మెడకు చుట్టుకుపోయింది. మా అత్తగారు నాకేసి తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

పెళ్ళయింది. ప్రతి ఆదివారం మా అల్లుడు ఇంటికొచ్చి సూపు కాస్తాడు. మా ఆయన తాగి, "బాగుంది. కానీ ఆ రోజు రుచి రాలేదోయ్" అంటాడు. పాపం వేసి చూడని దినుసు లేదు. నిజం చెబుదామంటే నాకు నోరు పెగలదు.

పోయిన ఆదివారం మా అల్లుడు వంటింట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క క్షణం అతను బయటికెళ్ళగానే మా అత్తగారు లోపలికొచ్చింది. కుండ మూత తీసి, చెయ్యి నోటి దగ్గరికి పోనిచ్చింది. పరుగున వెళ్ళి పట్టుకున్నాను.

"వదలవే, పిల్లాడు అవస్థ పడుతుంటే చూడలేకపోతున్నా" అంది.

"కాస్త ఆగండత్తయ్యా," అన్నాను, "ముందు నా గిన్నెడు తీసుకోనివ్వండి!"